కాలవ కింద వైద్యం, బోరు కింద వైద్యం



మన రుద్రవరం మండలంలో ముక్కూమొహం తెలియని ఇద్దరు రైతులు కలిస్తే, పేర్లు అడగకముందే ఒక మాట అడుగుతారు. "మీది కాలవ కిందా, బోరు కిందా?" పెద్దకంబలూరులో అయినా ఇదే మాట, ఆలమూరులో అయినా ఇదే మాట. ఆ ఒక్క జవాబుతో అవతలి మనిషి సేద్యం సగం తెలిసిపోతుంది. అప్పు ఎంత ఉంటుందో కూడా కొంచెం తెలిసిపోతుంది.

ఈరోజు నేను మాట్లాడబోయేది వైద్యం గురించి. ప్రభుత్వ వైద్యం మేలా, ప్రైవేటు వైద్యం మేలా అన్న పాత తగువు గురించి. కానీ ఈ కాలవ, బోరు మాట వదిలిపెట్టను. చివరిదాకా దీన్నే పట్టుకుని పోతాను.

కాలవ ఎవరిది? అందరిదీ. అందరి డబ్బుతో తవ్వారు. రెండెకరాల వాడికీ ఇరవై ఎకరాల వాడికీ అదే నీళ్లు. అయితే వంతు రావాలి. ఒక్కోసారి రాత్రి రెండు గంటలకు వంతు వస్తుంది. చివరి ఆయకట్టు వాడికి నీళ్లు అందుతాయో లేదో దేవుడికే తెలియాలి. బోరు సంగతి వేరు. స్విచ్ వేస్తే నీళ్లు. ఎవరినీ అడగక్కర్లేదు. కానీ ఆ బోరు మన డబ్బు. నీళ్లు పడకపోతే ఇంకోటి వేయాలి. అదీ పడకపోతే మరోటి. బోర్లు వేసి వేసి పొలమే అమ్ముకున్న కుటుంబాలు మన సీమలో ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పాలా?

ప్రభుత్వ ఆసుపత్రి కాలవ లాంటిది. ప్రైవేటు ఆసుపత్రి బోరు లాంటిది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో సూది వేయించుకుని బయటికొచ్చి, "ఊరికే వేశారు" అంటాం. ఊరికే ఏం వేయలేదు. మనం సబ్బు కొన్నప్పుడు పన్ను కట్టాం. ట్రాక్టరుకు డీజిల్ పోయించినప్పుడు కట్టాం. పిల్లలకు చెప్పులు కొన్నప్పుడు కట్టాం. ఆ డబ్బులే ఆ సూది అయ్యాయి. అంటే ఒంట్లో బాగున్నప్పుడు, అందరం కలిసి, కొంచెం కొంచెంగా ముందే కట్టేశాం. ప్రైవేటులో అయితే పడకేసిన రోజున, ఒక్కరమే, అంతా ఒకేసారి కడతాం. కాబట్టి వైద్యం మాట వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వేసుకోండి. డబ్బు ఎప్పుడు కడుతున్నాం? జబ్బు రాకముందా, వచ్చాకా?

మళ్లీ చెబుతున్నాను. జబ్బు రాకముందా, వచ్చాకా?

ఈ ప్రశ్నకు ఒక్కో దేశం ఒక్కో జవాబు చెప్పింది. బ్రిటన్ వాళ్లు రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ఇళ్లూ వాకిళ్లూ కూలిపోయి ఉన్న రోజుల్లో, 1948 జూలై 5న, నేషనల్ హెల్త్ సర్వీస్ అని మొదలుపెట్టారు. డబ్బంతా దాదాపు పన్నుల్లోంచే. డాక్టరు దగ్గరికి పోతే బిల్లు లేదు. మన తెలుగు డాక్టర్లు చాలామంది అక్కడ పనిచేశారు, ఇప్పుడూ చేస్తున్నారు. అది కాలవ పద్ధతి. మరి కాలవకుండే చిక్కు అక్కడ లేదా? ఉంది. ఇంగ్లండులో ఆసుపత్రి వైద్యం కోసం వంతులో ఉన్న కేసులే 70 లక్షలకు పైన. మోకాలి ఆపరేషన్ కోసం నెలలకు నెలలు కూర్చునేవాళ్లు ఉన్నారు.

అమెరికాది ఎక్కువగా బోరు పద్ధతి. ముసలివాళ్లకు, బీదవాళ్లకు 1965 నుంచి ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. మిగిలిన వాళ్లలో చాలామందికి ఉద్యోగం ఇచ్చే కంపెనీ తరఫున బీమా. ఉద్యోగం పోతే బీమా కూడా పోతుందేమోనన్న భయం. అంత డబ్బున్న దేశంలో బీమా లేనివాళ్లు రెండున్నర కోట్ల మందికి పైనే ఉన్నారు. మన ఊళ్ల నుంచి అక్కడున్న పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నల పెట్టెలు ఎప్పుడైనా చూశారా? ఊరగాయ జాడీ పక్కన ఆరు నెలలకు సరిపడా బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఉంటాయి. "అక్కడ డాక్టరు దగ్గరికి పోయే పని పెట్టుకోవద్దు నాయనా" అని కొడుకే ఫోన్‌లో చెబుతాడు. పన్ను నొప్పి వస్తే ఇండియాకు వచ్చేదాకా ఓర్చుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ దేశంలో మందులు లేక కాదు. బిల్లు చూసి భయం.

మన దేశం ఏ పద్ధతి? కాగితం మీద కాలవ. నేల మీద ఎక్కువ భాగం బోరు. స్వాతంత్య్రం రాకముందే, 1946లో, భోర్ కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదన్నది అందులో మూలసూత్రం. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, అంటే పీహెచ్‌సీలు, ఆ ఆలోచనలోంచి పుట్టినవే. మైదాన ప్రాంతాల్లో ముప్పై వేల జనాభాకు ఒకటి, కొండ ప్రాంతాల్లో ఇరవై వేలకు ఒకటి ఉండాలని లెక్క పెట్టుకున్నాం. కాలవలైతే తవ్వాం. నీళ్లు వదలడంలోనే పిసినారితనం చేశాం. 2013-14లో దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో నూటికి 64 రూపాయలు జనం సొంత జేబులోంచే పోయేవి. 2021-22 నాటికి అది 39కి తగ్గిందని కేంద్ర ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. తగ్గడం మంచిదే. కానీ నూటికి 39 అన్నా చిన్న సంగతి కాదు. అది పడకేసిన రోజున పుట్టించాల్సిన డబ్బు.

సరే, ఇక మన రాష్ట్రానికి వద్దాం. ఇక్కడ ఒక కొత్త పద్ధతి పుట్టింది. దేశమంతా దాన్ని చూసింది. అదే ఆరోగ్యశ్రీ.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో దాన్ని మొదలుపెట్టారు. మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా పాకింది. అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవాలి. ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడాలి. ఆరోగ్యశ్రీ వచ్చాక తెల్లకార్డు చూపిస్తే కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది. మనం దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. చొక్కాకు గుండీలు కూడా లేని మనిషి ఏసీ గదిలో గుండె ఆపరేషన్ చేయించుకుని నడిచి బస్సెక్కాడంటే, అది ఈ నేల మీద అంతకుముందు లేని సంగతి.

తర్వాత ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. ఎన్టీఆర్ వైద్యసేవ అన్నారు, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అన్నారు, 2024 నుంచి మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. మన ఊళ్లలో మాత్రం ఎవరిని అడిగినా "ఆరోగ్యశ్రీ కార్డు" అనే అంటారు. 2023 డిసెంబరులో వైద్య ఖర్చు పరిమితిని 25 లక్షలకు పెంచారు. చికిత్సలు 3,257 ఉన్నాయి. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఇంకో మార్పుకు ఒప్పుకుంది. ఏడాదికి రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ కట్టాలి, పేద కుటుంబాలకు ఆపైన 25 లక్షల దాకా ఈ పథకం నడిపే ట్రస్టు కట్టాలి అని.

మన లెక్కలో చూస్తే ఇదేమిటి? ఇది కాలవా, బోరా?

రెండూ కాదు. పక్క పొలం ఆయనకు బోరుంది. ప్రభుత్వం ఆయనకు డబ్బు కట్టి, మన మడికి నీళ్లు పెట్టిస్తోంది. డబ్బు అందరిది, బోరు ఒకరిది. మడి తడిసినన్నాళ్లూ బాగానే ఉంటుంది. ప్రభుత్వం ఆయనకు డబ్బు ఆలస్యం చేసిందనుకోండి. ఆయన ఏం చేస్తాడు? మోటారు ఆపేస్తాడు. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఈ పథకం కింద సేవలు ఆపేస్తామనడం, ఆపేయడం 2024లో చూశాం, 2025లోనూ చూశాం. తప్పు ఆసుపత్రులదా, ప్రభుత్వానిదా అని టీవీల్లో కొట్టుకున్నారు. స్ట్రెచర్ మీద ఉన్న మనిషికి ఆ చర్చతో పని లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. బోరాయనకు ఏ పంటకు నీళ్లు పెడితే ఎక్కువ డబ్బు వస్తుందో ఆ పంట మీదే కన్ను ఉంటుంది. కొన్నేళ్ల కిందట గర్భసంచి తీసేసే ఆపరేషన్లు పల్లెల్లో విపరీతంగా పెరిగిపోయాయని గొడవ వచ్చింది. ముప్పై, ముప్పై ఐదేళ్ల ఆడవాళ్లకు కూడా తీసేశారు. ఆ తర్వాత ప్రభుత్వం అలాంటి కొన్ని ఆపరేషన్లను పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లోనే చేయాలని కట్టడి పెట్టింది. అందరు డాక్టర్లూ అలాంటివాళ్లని నేను అనడం లేదు. ఆపరేషన్‌కు డబ్బు, మాట్లాడి పంపిస్తే సున్నా అని లెక్క ఉన్న చోట కత్తి కొంచెం తొందరపడుతుంది.

దాతల ఆసుపత్రుల మాట కూడా ఒక్క ముక్క చెప్పుకోవాలి. పుట్టపర్తిలో 1991లో పెట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కు కూడా బిల్లు కౌంటరు లేదు. బత్తలపల్లిలో ఆర్‌డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, ఆసుపత్రి ఉంది. అవి ఆయా దాతల మంచితనం. వాటి మీద రాష్ట్రమంతా బతకలేదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చెబుతాను. ఒకాయన ఉన్నాడనుకుందాం. పేరు మీరే పెట్టుకోండి. యాభై ఐదేళ్లు. నాలుగెకరాలు. బీపీ ఉంది. పీహెచ్‌సీలో ఒక చిన్న తెల్ల మాత్ర ఇస్తారు, ఆమ్లోడిపిన్ అని. రోజుకు ఒకటి. ఆయన రెండు నెలలు వేసుకున్నాడు. మూడో నెలలో పోతే "మాత్రలు అయిపోయాయి, వచ్చే వారం రండి" అన్నారు. వచ్చే వారం వరినాట్లు. ఆయన పోలేదు. తల తిరగడం లేదు, నొప్పి లేదు, బాగానే ఉన్నాను కదా అనుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఒక తెల్లవారుజామున మూతి ఒక పక్కకు పోయింది. కుడిచెయ్యి లేవలేదు. 108 అంబులెన్సు వచ్చింది. కార్డు పనిచేసింది. ఆసుపత్రి ఖర్చు చాలావరకు గట్టెక్కింది. కార్డు చేయాల్సింది చేసింది.

కానీ ఇంటికొచ్చాక? ఆ చెయ్యి పార పట్టదు. ఆయన పెండ్లాం కూలికి పోవడం మానేసి ఇంట్లో కూర్చోవాలి. కొడుకు చదువు ఆగింది. ఇరవై ఐదు లక్షల కార్డు ఆ చెయ్యిని తిరిగి తేలేదు. పైసల్లో పోయే మాత్రను నెలనెలా తప్పకుండా అందించి ఉంటే ఆ తెల్లవారుజాము రాకపోయేదేమో. ఆ మాత్ర పని కాలవ పని. ఊరికి దగ్గరగా, రోజూ, కొంచెం కొంచెంగా పారే నీళ్ల పని. ఎంత పెద్ద బోరు వేసినా ఆ పని చేయలేదు.

ఇంకో ఉదాహరణ మన కొండ కింది చేలది. రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనిషికి కాలి మీద పాము కరిచింది. మన దగ్గర రక్తపింజరి ఉంది, నాగుపాము ఉంది, కట్లపాము ఉంది, చిన్నపింజరి ఉంది. మన దేశంలో దొరికే విషం విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి చేసిందే. ఏ పామో తెలియకపోయినా అదే మందు. పామును చంపి సంచిలో వేసుకుని పోనక్కర్లేదు.

ఆసుపత్రిలో మొదట ఏం చేస్తారో వినండి. కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోస్తారు. ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెడతారు. తర్వాత మెల్లగా వంచి చూస్తారు. గడ్డకట్టి ఉంటే అప్పటికి రక్తానికి ముప్పు లేదు. అయినా నాగుపాము, కట్లపాము విషం ఈ పరీక్షలో తెలియదు కాబట్టి మనిషిని గమనిస్తూనే ఉంటారు. ఇంకా నీళ్లలా జారితే, విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. అప్పుడు మందు ఎక్కిస్తారు. ఒక సీసా కాదు, మొదటి విడతలోనే ఎనిమిది, పది సీసాలు. ఆ గాజు గొట్టానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. స్పెషలిస్టు అక్కర్లేదు. కరెంటు కూడా అక్కర్లేదు. గడియారం చూసే నర్సు, మందు సీసాలు, ఒక డాక్టరు ఉంటే చాలు. మందు వికటిస్తే ఏం చేయాలో ఆ డాక్టరుకు తెలుసు.

మరి మనం ఏం చేస్తాం? కాలికి తాడు బిగించి కడతాం. పసరు పోయిస్తాం. ఆ తర్వాత దగ్గర్లో ఉన్న ప్రభుత్వాసుపత్రిని దాటుకుని, "ఇక్కడేముంటుందిలే" అని ఆటోలో నంద్యాలకో కర్నూలుకో పరుగెత్తుతాం. ఆ దారిలో పోయిన గంట మళ్లీ రాదు. మొదటి విడత మందు దగ్గర్లో వేయించుకుని, అక్కడి నుంచి 108లో పెద్దాసుపత్రికి పోవడమే పద్ధతి. తాడు బిగించవద్దు, కోయవద్దు, నడిపించవద్దు. కాలు కదలకుండా ఉంచి తీసుకుపోండి.

"ఇక్కడేముంటుందిలే" అన్నాను కదా. ఆ మాట ఊరికే రాలేదని నాకూ తెలుసు. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీకి ఒక వరస. డాక్టరు దగ్గర ఇంకో వరస. రక్తపరీక్షకు మరో వరస. మందుల కిటికీ దగ్గరికి వచ్చేసరికి "ఇది లేదు, బయట కొనుక్కో" అంటారు. చంకలో పిల్లను ఎత్తుకుని పొద్దుటి నుంచి నిలబడిన తల్లిని "యాడ చచ్చినావ్ ఇంతసేపు?" అని కసురుకుంటారు. ప్రైవేటులో అయితే "రండమ్మా, కూర్చోండి" అంటారు. ఆ ఒక్క పలకరింపుకే అప్పు చేసి పోయేవాళ్లు ఉన్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేను. అక్కడికి పంపించిన ఆరెంపీకి కమీషన్ ఎంత ముట్టిందన్నది వేరే కథ.

కాలవ చెడిపోవడం మొదలైంది ఎప్పుడో మీకు గుర్తుందా? ఊరి పెద్ద రైతులు బోర్లు వేసుకున్నప్పుడు. అంతకుముందు కాలవలో పూడిక పేరుకుంటే వాళ్లే ఇంజనీరు దగ్గరికి పోయేవాళ్లు. వాళ్ల మాటకు బలం ఉండేది. బోరు వచ్చాక వాళ్లకు పూడికతో పని లేదు. ఇంక అడిగేవాళ్లు ఎవరు? చివరి ఆయకట్టులో ఎకరా ఉన్నవాడు. వాడి మాట ఎవరు వింటారు?

ఆసుపత్రిలోనూ జరిగింది అదే. సర్పంచ్ పోడు. పంతులు పోడు. ప్రభుత్వ ఉద్యోగి పోడు. అక్కడ జీతం తీసుకునే వాళ్లే తమ పిల్లలకు జ్వరం వస్తే అక్కడ చూపించరు. ఇంక ఆ మందుల కిటికీ ఖాళీగా ఉందని గట్టిగా అడిగేది ఎవరు? బ్రిటన్‌లో వరసలు అంత పొడుగున్నా ఆ పద్ధతి ఇంకా నిలబడిందంటే, ఓట్లేసే వాళ్లలో ఎక్కువమంది, ఉన్నవాళ్లూ లేనివాళ్లూ, అదే వరసలో నిలబడుతున్నారు గనకే. ఏ పార్టీ దాని జోలికి పోవాలన్నా భయపడుతుంది.

నంద్యాలలో 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు, 150 సీట్లతో. కర్నూలుకు 1957 నుంచి ఉంది. అంటే మన జిల్లా పెద్దాసుపత్రి ఇప్పుడు కాలేజీ ఆసుపత్రి అయింది. డాక్టర్లు పెరుగుతారు. పెద్ద కాలవకు నీళ్లు వస్తున్నాయి. ఆ నీళ్లు రుద్రవరం దాకా, పిల్లకాలవల దాకా రావాలంటే అడగాలి. మద్రాసు దాకా పోయే తెలుగుగంగ మన పక్కనే పారుతుంది. తూము తెరవకపోతే మన మడికి చుక్క రాదన్నది మనకు తెలిసిన సంగతే.

కాబట్టి ఇది చేయండి. నాట్లు మొదలు కాకముందు, వానలు పడకముందు, నలుగురు కలిసి మీ పీహెచ్‌సీకి పోండి. ఒక్కరు పోతే కసురుకుంటారు. నలుగురు పోతే కుర్చీ వేస్తారు. మూడు సంగతులు మాత్రమే అడగండి. పాము కాటు మందు సీసాలు ఎన్ని ఉన్నాయి? కుక్క కాటుకు వ్యాక్సిన్ ఉందా? బీపీ మాత్రలు ఎన్ని నెలలకు సరిపడా ఉన్నాయి? అంతే. పోట్లాట వద్దు. లేవని చెబితే, ఎప్పుడు వస్తాయో రాసి ఇమ్మనండి. అదే ప్రశ్న గ్రామసభలో మళ్లీ అడగండి. ఆసుపత్రికి అభివృద్ధి సంఘం ఉంటుంది, అందులో మీ ఊరివాళ్లు ఎవరో కనుక్కోండి. పనిలో పనిగా నలుగురూ బీపీ చూపించుకోండి.

పెద్ద జబ్బు వచ్చి ప్రైవేటు ఆసుపత్రికి పోవాల్సి వస్తే, అడ్వాన్సు కట్టకముందే గేటు దగ్గర ఆరోగ్యమిత్ర అనో వైద్యమిత్ర అనో బోర్డు ఉన్న బల్ల ఎక్కడుందో అడగండి. మీ జబ్బు పథకంలో ఉందో లేదో ఆ బల్ల దగ్గర చెబుతారు. ఉంటే మీ దగ్గర చేయిచాచి అడగకూడదు. అడిగితే 104కు ఫోన్ చేయండి. ఆ నంబరు ఫోన్‌లో దాచుకోవడం తెలియని అవ్వలు, తాతలు ఇంట్లో ఉంటే, రేషన్ కార్డు వెనక బాల్‌పెన్నుతో 104 అని, 108 అని పెద్దగా రాసిపెట్టండి.